తలిదండ్రుల సమాధికి దూరముగా

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సంఘముల చరిత్ర వ్రాయువారు కట్టిన బంగళాలను, ఇచ్చిన బాప్తిస్మములను లెక్కించుదురు. మిషనరీ దంపతులు విడిచివచ్చిన తలిదండ్రులను గూర్చి వ్రాయుట అరుదు.

అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారును, మరియ దొరసానిగారును 1889లో మన దేశమునకు వచ్చి, 1890లో నల్లగొండలో పని ప్రారంభించిరి. వారు నేటి ఉక్రెయిన్‌లోని మొలోచ్నా ప్రాంతపు మెన్నొనైటులు. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి సేవచేసిరి. రష్యా మెన్నొనైటులనుండియే సూర్యాపేటకు హ్యూబర్టు, నల్లగొండకు ఉన్రూ, మహబూబ్‌నగర్‌కు పెన్నరు దంపతులు వచ్చిరి.

ఇంటినుండి బయలుదేరిన జాబు ఓడమీద వారముల తరబడి రావలెను. తండ్రి జబ్బుగా ఉన్నాడను వార్త అందునప్పటికి భూస్థాపన జరిగిపోయి యుండవచ్చును. 1914లో మహాయుద్ధము, 1917లో విప్లవము, పిమ్మట అంతర్యుద్ధము వచ్చెను. రష్యా సంఘముల కానుకలు ఆగిపోగా అమెరికా సంఘములు ఆదుకొనెను. 1921-22 కరవులో మొలోచ్నా గ్రామములు ఆకలితో అలమటించెను. ఇక్కడి కుమారునికి, కోడలికి అక్కడ ఎవరు బ్రతికియున్నారో తెలియుటయే కష్టము.

మన పల్లెలలో ఎవరైన ప్రభువునందు నిద్రించినయెడల ఊరంతయు కూడి మట్టి వేయుదురు. ఆ పిడికెడు మట్టి వేయలేని దుఃఖము పాలమూరువారికి క్రొత్త కాదు. మేస్త్రీల వెంట దూరదేశపు ఆనకట్టల పనికి పోయిన మన కూలీలు దానిని ఎరుగుదురు. వీరిని పంపినది ఆకలి, వారిని పంపినది పిలుపు, దుఃఖము ఒక్కటే.

కాబట్టి ఈ సంచికలో ఆ దంపతుల పేర్లు చదువునప్పుడు, వారిని సాగనంపి ఎదురుచూచుచు కన్నుమూసిన తలిదండ్రులనుకూడ తలంచుదము. వారు మన దేశమును చూడలేదు. అయినను మన సంఘమునకు వారిచ్చిన కానుక చిన్నది కాదు.