పనప్పాకం ఆనందాచార్యులు

పనప్పాకం ఆనందాచార్యులు (1843–1908) మద్రాసు హైకోర్టు వకీలు, మద్రాసు మహాజన సభ స్థాపకుల్లో ఒకరు, కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన తొలి తెలుగువాడు. ఇంగ్లీషులో ఆయన పేరు ఆనందా చార్లుగా స్థిరపడింది.

పుట్టింది చిత్తూరు దగ్గరి కట్టమంచిలో. అప్పట్లో అది ఉత్తర ఆర్కాటు జిల్లా. కార్వేటినగరం జమీందారీలోని తిరుత్తణి కూడా ఆ జిల్లాదే. 1856లో మద్రాసు రాయపురం నుంచి తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా వాలాజా రోడ్డు దాకా రైలు పడింది. 1862లో మద్రాసులో హైకోర్టు ఏర్పడింది. చదువుకున్న జిల్లా కుర్రాళ్ళ చూపు పట్నం వైపు తిరిగింది.

ఆనందాచార్యులు పట్నం చేరి, పేరున్న వకీలు కాయలి వెంకటపతి దగ్గర పని నేర్చుకుని, 1869లో హైకోర్టు వకీలయ్యారు. ఇంగ్లీషు బారిస్టర్లదే పైచేయిగా ఉన్న కోర్టులో ప్రాక్టీసు నిలబెట్టుకున్నారు. అర్జీ రాయడం, ఆధారాలు చూపడం, ఎదుటివాదాన్ని ముందే ఊహించి జవాబు సిద్ధం చేసుకోవడం ఆయన వృత్తి. అదే పద్ధతిని ప్రజా వ్యవహారాల్లోకీ తెచ్చారు. ట్రిప్లికేన్ లిటరరీ సొసైటీ నడిపారు, పత్రికలకు రాశారు. 1878లో ‘ది హిందూ’ను మొదలుపెట్టిన యువకులకు అండగా నిలిచారు.

ఆ పత్రిక సంపాదకుడు జి. సుబ్రహ్మణ్య అయ్యర్, ఎం. వీరరాఘవాచారి, ఆనందాచార్యులు కలిసి 1884 మేలో మద్రాసు మహాజన సభను నెలకొల్పారు. మరో తెలుగు వకీలు పి. రంగయ్యనాయుడు అధ్యక్షుడయ్యారు. జిల్లాల్లో విడివిడిగా పనిచేస్తున్న సంఘాలను ఒక తాటిమీదికి తేవడం సభ ఉద్దేశం. ఆ ఏడాది డిసెంబరు చివర్లోనే ప్రతినిధులను పిలిచి మహాసభ జరిపింది. అప్పటికి కాంగ్రెసు ఇంకా పుట్టలేదు.

మరుసటి ఏడాది బొంబాయి గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో కాంగ్రెసు తొలి సమావేశానికి హాజరైన 72 మందిలో ఆనందాచార్యులు ఒకరు. 1891లో నాగపూర్‌లో జరిగిన ఏడో మహాసభకు అధ్యక్షుడయ్యారు. దక్షిణాది నుంచి ఆ పీఠమెక్కిన మొదటి వ్యక్తి ఆయనే. శాసన మండళ్ళలో భారతీయులకు చోటు పెంచాలన్నది అప్పటి కాంగ్రెసు ప్రధాన కోరిక. 1892 ఇండియన్ కౌన్సిల్స్ చట్టం ఆ కోరికను కొంతవరకే తీర్చింది. 1895లో ఆయన ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్ సభ్యుడయ్యారు.

చివరిదాకా మితవాదిగానే ఉన్నారు. 1907 డిసెంబరులో సూరత్‌లో కాంగ్రెసు మితవాదులు, అతివాదులుగా చీలిపోయిన కొద్దికాలానికే, 1908లో కన్నుమూశారు.

ఆయన పుట్టిన ఉత్తర ఆర్కాటు జిల్లా తర్వాత విడిపోయింది. 1911లో చిత్తూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కట్టమంచితో పాటు తిరుత్తణి కూడా అందులో చేరింది. ఆంధ్ర–మద్రాసు సరిహద్దు వివాదంపై వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. కట్టమంచి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండిపోయింది.