గుండెపోటు తరవాత ఒక స్వరవరుస

1946 ఆగస్టు 2న లాస్ ఏంజెలస్‌లో ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్‌కు తీవ్రమైన గుండెపోటు వచ్చింది. నేరుగా గుండెలోకే ఇచ్చిన ఇంజక్షనుతో తాను మళ్ళీ బతికానని తరవాత ఆయనే చెప్పుకొన్నాడు. మేము వైద్యం చదువుకొనే నాటికి ఆ పద్ధతి పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఉండేది. ఇప్పుడు దాదాపు ఎవరూ చేయరు. అయితే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంజక్షను కాదు. ఆగస్టు 20న ఆ డెబ్భై ఒక్కేళ్ళ రోగి కాగితాలు ముందేసుకొని సెప్టెంబరు 23కల్లా వయొలిన్, వియోలా, చెల్లోలకు 'స్ట్రింగ్ ట్రయో' రాసి ముగించాడు. అదీ లెక్కల సంగీతమని పేరుపడ్డ పద్ధతిలో.

ఆ పద్ధతిని ఆయన రూపొందించింది 1920ల తొలినాళ్ళలో. మన కచేరీలో తంబురా షడ్జమాన్ని క్షణం మరవనివ్వదు. పాశ్చాత్య సంగీతానికీ అటువంటి ఆధారస్వరం ఉండేది. 1908 ప్రాంతంలో షోన్‌బెర్గ్ దాన్ని వదిలేశాడు. ఆధారం పోయాక పెద్ద రచనను నిలబెట్టేదేమిటి? స్థాయిలోని పన్నెండు స్వరాలనూ ఏదీ తిరిగి రాకుండా ఒక వరుసలో పేర్చటం ఆయన కనిపెట్టిన జవాబు. ఆ వరుసను వెనకనుంచి చదవవచ్చు, ఆరోహణను అవరోహణగా తలకిందులు చేయవచ్చు, రెండూ కలపవచ్చు. ఈ నాలుగు రూపాలూ ఏ స్వరం నుంచైనా మొదలవుతాయి గనక మొత్తం 48. మన 72 మేళకర్తలూ గణితమే. కాని రాగానికి ప్రాణం పోసేవి సంచారాలూ గమకాలూ. ఇక్కడ వరుసక్రమమే సర్వస్వం.

షోన్‌బెర్గ్ మరొక మెలిక పెట్టాడు. తలకిందులు చేసిన వరుసను తగిన స్వరం నుంచి మొదలుపెడితే, దాని మొదటి ఆరు స్వరాలూ మూలవరుస తొలి సగంలో లేని ఆరే అయ్యేట్టు అమర్చాడు. రెండూ కలిసి మోగితే పన్నెండూ పూర్తవుతాయి. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుందన్న మాట.

సుమారు ఇరవై నిమిషాల ఆ ట్రయోలో తన జబ్బూ, వైద్యమూ, మగనర్సూ అన్నీ ఉన్నాయని షోన్‌బెర్గ్ తనతో చెప్పినట్టు థామస్ మన్ రాశాడు. ఇంజక్షను ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. కాని గీరుకుపోయే ఆ ధ్వనులూ, ఉన్నట్టుండి ఊరట చెందే మెత్తని చోట్లూ వింటుంటే, లెక్క బాధకు అడ్డమన్న నా పాత అభిప్రాయం నిలవలేదు. మూడో భాగంలో మొదటి ఘట్టాలు కుదించుకొని తిరిగి వస్తాయి. కోలుకొన్న రోగులు కూడా రెండోసారి అలాగే చెబుతారు.

ఆ మన్ 1947లో వెలువడిన 'డాక్టర్ ఫౌస్టస్' నవలలో ఈ పద్ధతిని తన కల్పిత స్వరకర్తకు కట్టబెట్టాడు. షోన్‌బెర్గ్ మండిపడ్డాడు. అది ఆయన సొత్తేనని తరవాతి ముద్రణల్లో మన్ ఒక ప్రకటన చేర్చాడు. అందులో తనను 'సమకాలిక స్వరకర్త' అన్నందుకు షోన్‌బెర్గ్‌కు మళ్ళీ కోపం వచ్చింది.