చేత్తో పోసిన ఊపిరి

ఊపిరి సంగతి అది ఆడినంతసేపూ మనకి గుర్తుకే రాదు కదండీ! పోపు ఘాటుకి ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరైతేనే గాభరా పడిపోతాం. అలాంటిది, రోజుల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేని పిల్లల కథ ఒకటి చదివినప్పటినుంచీ నా మనసుని వదలడం లేదు.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ మీద పోలియో విరుచుకుపడింది. పోలియో అంటే మనకి చచ్చుబడిన కాలే గుర్తొస్తుంది. కాని జబ్బు ముదిరితే గుటక వేసే కండరాలూ, ఛాతీ కండరాలూ కూడా పడిపోతాయి. గొంతులో చేరిన ఉమ్మి ఊపిరికి అడ్డం పడుతుంది. బ్లెగ్డాం అంటువ్యాధుల ఆస్పత్రిలో ఉన్నవల్లా ఊపిరి ఆడించే ఇనప పెట్టె ఒకటి, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాల్లో అలా ఊపిరి అందనివాళ్ళు 31 మంది వస్తే, 27 మంది పోయారు.

అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు డాక్టరుని పిలిచారు. ఆగస్టు 27న ఆయన 12 ఏళ్ళ పాపకి గొంతు కింద రంధ్రం చేయించి, గొట్టం దింపి, అడ్డుపడ్డ ఉమ్మి లాగేసి, రబ్బరు సంచీ చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. ఆపరేషను బల్ల దగ్గర రోజూ చేసే పనే అది. దాన్ని వార్డులోకి తేవచ్చన్న ఆలోచనే కొత్త. పాప బతికింది!

మరి రాత్రీ పగలూ ఆ సంచీ నొక్కేదెవరు? సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని మంచాల పక్కన కూర్చున్నారు. ఒక దశలో ఒకేసారి 70 మందికి అలా ఊపిరి పోశారు. జ్వరంతో ఉన్న బిడ్డకి తెల్లవార్లూ విసనకర్ర విసిరిన తల్లులకి ఆ చేతినొప్పి తెలుసు. కునుకు పట్టి మన చెయ్యి ఆగితే బిడ్డకి ఉక్కపోస్తుంది, అంతే. అక్కడ చెయ్యి ఆగితే ఊపిరే ఆగుతుంది. ఆ చేతుల పుణ్యమా అని నూటికి 87గా ఉన్న చావులు సుమారు 40కి దిగాయి.

ఆ ఊళ్ళోనే 1956లో హెన్నింగ్ రూబెన్ అనే డాక్టరూ, హోల్గర్ హెస్సే అనే ఇంజనీరూ కలిసి అంబూ బ్యాగు తయారుచేశారు. నొక్కి వదిలితే తనంతట తనే గాలి నింపుకునే సంచీ అది. కరెంటు అక్కర్లేదు, సిలిండరు లేకపోయినా పనిచేస్తుంది. చిన్న ఆస్పత్రులకి అంతకన్నా ఏం కావాలి!

మన దేశంలో సహజ పోలియో వైరసు వల్ల జబ్బు చివరిసారి కనిపించింది 2011లో. సంచీ మాత్రం ఇంకా పనిలోనే ఉంది. పుట్టగానే ఏడవని బిడ్డ ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, నర్సమ్మ మెల్లగా నొక్కేది దాన్నే.