చిన్న కమతమున వేసవి: లెక్కలకెక్కని కృషి

వేసవి రైతునకు విశ్రాంతి కాలమని పలువురు తలంతురు. పంట యిల్లు చేరినది, కాలువ కట్టివేయబడినది, ఇక రచ్చబండయు మామిడితోపు నీడయునే గదా యని పట్టణవాసులు పరిహసించుటయు గలదు. మన పూర్వుల జీవితమును నిదానించి చూచినచో ఈ యభిప్రాయము సరికాదని తేటపడును. కొలది యెకరముల భూమి గల కుటుంబమునకు ఉగాది మొదలు ఏరువాక పున్నమ వరకు గల రెండున్నర నెలలే రాబోవు సంవత్సరమును నిర్ణయించెడి కాలము. కృష్ణాతీర గ్రామముల చరిత్రమునుండి ఈ సంగతిని మన సంఘీయులకు విన్నవింపగోరుచున్నాము.

1832–33 సంవత్సరములందు గుంటూరు సీమను పాడుచేసిన నందన కరవు ఈ ప్రాంతమున తరతరములు జ్ఞప్తియందుండెను. వాన తప్పినచో పాతరలోని జొన్నలే ప్రాణాధారమని నాటివారు ప్రత్యక్షముగ నెరిగిరి. పిమ్మట 1852 మొదలు 1855 వరకు విజయవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టబడెను. పల్లపు గ్రామములకు కాలువ నీరు వచ్చెను, మెట్టచేలు మాగాణులయ్యెను. అయినను వేసవి పని తరుగలేదు. దాని రూపము మారినది, అంతియే. కాలువలు మరమ్మతులకై కట్టివేసిన దినములలో ఊరివారికి మంచినీళ్ల చెరువే దిక్కు. మెట్ట గ్రామములవారికి ఆ భాగ్యమును అంతంతమాత్రమే.

ఎండిన చెరువునుండి ఒండ్రుమట్టి త్రవ్వి చేలకు తోలుట వేసవియందు మొదటి పని. దానివలన చేనికి సత్తువయు, చెరువునకు లోతును ఒక్కమారే చేకూరెడివి. ఏడాది పొడుగున పోగైన పెంట బండ్ల మీద పొలమునకు చేరెడిది. తెల్లవారుజాముననే బండి కట్టి, ఎండ ముదురకమున్నే యెడ్లను విప్పెడివారు. మధ్యాహ్నము చెట్టునీడను కూర్చుండి జనుపనారతో పగ్గములును పలుపులును పేనెడివారు. పాకల కప్పు మార్చుట, గట్లు పోయుట, కంప నరికి కంచె వేయుట మొదలగునవన్నియు వానకు ముందే ముగియవలెను. వడ్రంగి నాగలిని, కమ్మరి కర్రును సరిచేసెడివారు. కపిలబావి తోలుబానకు తోలుపని వారి నేర్పు కావలసియుండెను. ఒక కమతము నిలుచుటకు ఇన్ని కులములవారి చేతులు తోడైనవని మనము మరువరాదు.

ఇక ఇంటిలోని పని. రోహిణి కార్తెకు రోళ్లు పగులునందురు. ఆ యెండయే ఇల్లాండ్రకు పనిముట్టు. మిరపకాయలు ఆరబోయుట, చింతపండు గింజ తీయుట, కందులు తిరగలియందు విసరి పప్పు చేయుట, వడియములు పెట్టుట, ఆవకాయ మాగాయలు జాడీలకెత్తుట – ఇవి రుచికొరకు మాత్రమే చేసినవి కావు. నాట్ల దినములలో కూర వండుటకు తీరికయు, కొనుటకు రొక్కమును లేనప్పుడు ఇంటిల్లిపాదియు కూలివారును తిన్నది వీనితోనే. అంతకంటె ముఖ్యమైనది విత్తనము. గట్టి కంకులను ఏరి, ఎండబెట్టి, వేపాకును బూడిదెయు కలిపి కుండలయందు పదిలపరచినది స్త్రీలే. ఇంటిలో తిండిగింజలు నిండుకొన్నను విత్తనపు కుండను తాకనీయని నిబ్బరము వారిది. అప్పటికిని విత్తనము చాలకున్నచో కుదువకు పోయినది ఇల్లాలి మెడలోని నగయే.

ఈ కృషి యేదియు లెక్కలకెక్కలేదు. ఫసలీ సంవత్సరము జూలై 1వ తేదీన మొదలై జూన్ 30వ తేదీన ముగియును. కావున వేసవి దానికి తోకవంటిది. కరణము అడంగలునందు సర్వే నెంబరు, విస్తీర్ణము, పైరు వ్రాసెడివాడు. పట్టాయందు పేరు సాధారణముగ పురుషునిదే. ఒండ్రు తోలిన బండ్లకు, దాచిన విత్తనమునకు, మోసిన నీళ్లకు గడి లేదు. కరణపు పద్ధతి 1984లో రద్దయినది గాని, గడి లేని పనికి విలువ లేదనుకొను మన యలవాటు మాత్రము రద్దు కాలేదు.

చట్టము మనకంటె ముందు నడచినది. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్‌లో చేయబడిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తియందు కుమారులతో సమానముగ జన్మహక్కు నొసగెను. 2005లో కేంద్ర చట్టము కుమార్తెల కీ హక్కును దేశమంతటను విస్తరింపజేసెను. అయినను పెండ్లి ఘనముగ చేసితిమి, ఇక భూమి యెందుకని ఆడబిడ్డచేత విడుదల పత్రముపై సంతకము చేయించు పెద్దలు మనలో లేరా? మెడలోని నగనిచ్చి విత్తనము తెప్పించిన తల్లి కుమార్తెను ఆ చేనికి పరాయిదానినిగ జేయుట న్యాయమా?

కావున ఈ మహాసభ ముందు రెండు విన్నపములు చేయుచున్నాము. వేసవి సెలవులకు స్వగ్రామములకు వచ్చు విద్యార్థులు తమ యవ్వల నడిగి, నాటి వేసవి పనులను వ్రాసికొని సంఘమునకు అందజేయవలెను. పెద్దలు భూమి పంచునప్పుడు ఆడబిడ్డల భాగమును అడుగకయే వ్రాయవలెను. మొదటిది చరిత్ర ఋణము. రెండవది ఆ చరిత్రమును చదివినందులకు ఫలము. ఏరువాకకు ముందే విత్తనము సిద్ధము చేసిన వారి సంతతికి ఇది కష్టము కాదని మా నమ్మకము.