కుందేలు ఎందుకు కొరుకుతుంది?

మనకు కుందేలంటే చందమామలో మచ్చ, పంచతంత్రంలో సింహాన్ని బావిలో దూకించిన తెలివి. ఇంట్లో పెంచేవాళ్లకు మాత్రం సోఫా కాళ్లు కొరికే జంతువు. ఎంత కసిరినా ఎందుకు మానదో తెలియాలంటే దాని చరిత్ర కొంచెం చూడాలండీ.

పెంపుడు కుందేళ్లు మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి సంతానం కావు. వాటి పూర్వీకులు స్పెయిన్ వైపు నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికిన అడవి కుందేళ్లు. సొరంగానికి వేరు అడ్డొస్తే కొరికి దారి చేసుకోవడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. పైగా వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గరుకు మేత నమిలితేనే అరుగుతాయి. లేకపోతే వంకరగా పెరిగి, చివరికి తిండే తినలేదు.

క్రీ.పూ. ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత వర్రో, గోడ కట్టిన ఆవరణల్లో కుందేళ్లను పెంచే పద్ధతి రాశాడు. తర్వాత గూళ్లు, బోనులు వచ్చాయి. మాంసానికీ బొచ్చుకీ పెంచినన్నాళ్లూ కుందేలు పెరట్లోనే ఉంది కాబట్టి కుర్చీలకు భయం లేదు. అది పిల్లిలా, కుక్కలా ఇంట్లో తిరగడం బాగా పెరిగింది ఈమధ్యే. అమెరికాలో 1985లో మారినెల్ హారిమన్ ఇంటి కుందేళ్ల పెంపకం మీద పుస్తకం రాశారు. 1988లో కాలిఫోర్నియాలో హౌస్ రాబిట్ సొసైటీ మొదలైంది. అప్పటినుంచి పెంపకందార్లలో పాతుకున్న మాట ఒకటే: కొరకడం మాన్పలేం, మళ్లించగలం.

ఎలా అంటే, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. టేపు, పిన్నులు తీసేసిన అట్టపెట్టెలు, రంగు వెయ్యని గడ్డి చాప కొరుక్కోవడానికి ఇవ్వాలి. బల్ల కాళ్లకు మందపాటి అట్ట చుట్టి, నమిలేసినప్పుడల్లా మార్చాలి. అన్నిటికంటే ముందు కరెంటు తీగలు. వాటిని గట్టి గొట్టాల్లో పెట్టడమో, అందనంత ఎత్తున కట్టడమో చెయ్యాలి. బల్ల పోతే ఇంకోటి కొనుక్కుంటాం, తీగ కొరికితే కుందేలు ప్రాణమే పోతుంది. మనం చూడలేని సమయంలో దాన్ని విశాలమైన కంచెలో ఉంచడం మేలు.

కొట్టొద్దు. భయపడి మూల నక్కుతుందే గాని, ఎందుకు కొట్టామో దానికి అర్థం కాదు. పట్టిన కుందేటికి మూడే కాళ్లని మనం మొండికేసినా, వేల ఏళ్ల అలవాటు దాని పళ్లలోనే ఉంది కదా!