షింతో మందిర సందర్శన: దేశభక్తియా, ఆరాధనయా?

ఉపోద్ఘాతం

జపానులో షింతో మందిరానికి వెళ్ళేవారు తోరీ అనే ద్వారం దాటి, నీటితో చేతులు, నోరు శుభ్రపరచుకొంటారు. మందిరం ఎదుట రెండుసార్లు వంగి, రెండుసార్లు చేతులు చరచి, మరల ఒకసారి వంగుతారు. యాత్రికునికి ఇది చూడదగిన ఆచారం. అయితే ఒక తరం క్రైస్తవులను ఇదే నమస్కారం చెరసాల వరకు తీసికొని వెళ్ళింది.

చారిత్రక నేపథ్యం

1868లో ప్రారంభమైన మెయిజీ పాలన మందిరాలను చక్రవర్తిభక్తికి కేంద్రాలుగా మలచింది. 1869లో టోక్యోలో స్థాపించబడి, 1879లో యసుకుని అని పేరు పొందిన మందిరంలో యుద్ధమృతులను దైవాలుగా కొలుస్తారు. 1889 రాజ్యాంగం పరిమితులతో మతస్వేచ్ఛను ఇచ్చింది. కావున మందిరాచారం మతం కాదని, పౌరధర్మమని ప్రభుత్వం వాదించింది.

1932లో సోఫియా విశ్వవిద్యాలయపు క్యాథలిక్ విద్యార్థులు కొందరు యసుకునిలో నమస్కరించలేదు. వివాదం పెరిగింది. ఆ నమస్కారం దేశభక్తికి గుర్తు మాత్రమేనని విద్యాశాఖ తెలిపింది. 1936లో రోము ఈ వివరణను అంగీకరించి విశ్వాసులకు అనుమతినిచ్చింది. 1938 సెప్టెంబరులో, జపాను పాలనలోనున్న కొరియాలో, పోలీసుల ఒత్తిడి మధ్య కూడిన ప్రెస్బిటేరియన్ జనరల్ అసెంబ్లీ కూడా అదే తీర్మానం చేసింది. లోబడని పాస్టరు జూ కీ-చోల్ 1944లో ప్యాంగ్‌యాంగ్ చెరసాలలో మరణించారు. 1954లో కొరియా ప్రెస్బిటేరియన్ సంఘం ఆ తీర్మానాన్ని రద్దు చేసికొన్నది.

తెలుగు సంఘము

1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభకు వెళ్ళిన వి. ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన దోర్నకల్ కెథీడ్రల్ 1939లో ప్రతిష్ఠించబడింది. అందులో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు సువార్త సేవలో నిలిచాయి. ఈ దేశపు రూపాన్ని సంఘం తానే ఎన్నుకొని, దానికి అర్థం తానే ఇచ్చింది. యసుకునిలో మాత్రం అర్థాన్ని ప్రభుత్వం నిర్ణయించగా సంఘం తల ఊపింది.

వేదాంత పరిశీలన

మందిర నమస్కారాన్ని సమర్థించేవారు నయమానును చూపవచ్చు (2 రాజులు 5:18). కాని రిమ్మోను గుడిలో తన వంగడం ఏమీ కాదని నయమాను అనలేదు, క్షమాపణ వేడుకొన్నాడు. 1938 తీర్మానమైతే క్షమించవలసినదే లేదన్నది. బలహీనుడైన మనిషికి, బలహీనతను సిద్ధాంతంగా మార్చే సంఘానికి గల భేదమిదే.

ముగింపు

మందిరాన్ని చూడటం, దాని చరిత్ర నేర్చుకోవడం ఆరాధన కాదు. నాచారం, చర్లపల్లి కర్మాగారాల్లో పనిచేసే విశ్వాసి దసరా ఆయుధపూజనాడు ఏమి చేయవలెనని పాస్టరును అడిగితే, "అది ఆచారమేలే" అనే జవాబు సులభం. ఆ మాట లోబడనివానిని ఒంటరిని చేస్తుందని కొరియా చరిత్ర చెబుతోంది. భయపడి వంగినవానిని ఆదరించుదము. వంగనివాని ప్రక్కన నిలుచుదము.