ఎవరికీ ఇవ్వని ఏడు

1965 మే నెలలో అమెరికాలో పులిట్జర్ బహుమతులు ప్రకటించారు. సంగీతం వంతు వచ్చేసరికి ఆ ఏడు ఎవరికీ లేదన్నారు. అంతకు ముందు ఏడూ అదే మాట. కానీ ఈసారి ఆ మాట వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఆయన జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్.

1899లో వాషింగ్టన్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారాయన. 1927 నుంచి న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో ఆయన వాద్యబృందం వాయించేది. వేదిక మీద నల్లవారు, ఎదుట తెల్లవారు. తన సొంత మనుషులకు ప్రవేశం లేని ఆ చోటునుంచే ఆయన పాట రేడియో ద్వారా అమెరికా అంతా పాకింది.

1943 జనవరిలో కార్నెగీ హాల్‌లో తన జాతి చరిత్రను ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్’ అనే సుదీర్ఘ రచనగా వినిపించారు. శాస్త్రీయ సంగీత విమర్శకులు దానికి నిర్మాణం లేదన్నారు, జాజ్ అభిమానులు కొందరు ఇది జాజే కాదన్నారు. ఎవరి పంక్తిలోనూ చోటు దక్కలేదు. తర్వాత్తర్వాత ఆయన దాన్ని ముక్కలుగానే వినిపిస్తూ వచ్చారు. సంగీతానికి పులిట్జర్ ఇవ్వడం మొదలైందీ ఆ 1943లోనే.

ఇరవై రెండేళ్లు గడిచాయి. 1965లో సంగీత విభాగపు ముగ్గురు న్యాయనిర్ణేతలకు ఆ ఏటి రచనల్లో బహుమతికి తగినది ఒక్కటీ కనబడలేదు. ఎలింగ్టన్ జీవితకాల కృషికి ప్రత్యేక గౌరవం ఇమ్మని సిఫారసు చేశారు. పత్రికాధిపతులూ సంపాదకులే ఎక్కువగా ఉన్న పులిట్జర్ సలహా మండలి దాన్ని తోసిపుచ్చింది. చేతికందినది నోటికందలేదు. విన్‌త్రాప్ సార్జెంట్, రొనాల్డ్ అయ్యర్ అనే ఇద్దరు న్యాయనిర్ణేతలు రాజీనామా చేశారు.

అప్పటికి ఎలింగ్టన్‌కు అరవై ఆరేళ్లు. మరీ చిన్న వయసులో పేరు రాకుండా విధి తనను కాపాడుతోందని నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు కింద ఎంత నొప్పి ఉందో తర్వాత చెప్పిన మాటల్లో తెలిసింది: యూరప్ మూలాలున్న సంగీతమే గౌరవప్రదమని ఈ దేశం ఇంకా నమ్ముతోంది, నా సంగీతానికి అధికారిక మర్యాద దక్కకపోవడం నాకేమీ వింత కాదు.

అయినా కలం ఆపలేదు. ఆ సెప్టెంబరులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథెడ్రల్‌లో తన పవిత్ర సంగీత కచేరీ చేశారు. 1974 మే 24న కన్నుమూశారు. న్యూయార్క్‌లో ఆయనకు వీడ్కోలు చెప్పడానికి వేలమంది తరలివచ్చారు.

పులిట్జర్ ప్రత్యేక గౌరవం 1999లో వచ్చింది. ఆయన పుట్టి వందేళ్లు, పోయి పాతికేళ్లు. అందుకోవడానికి ఆయన లేరు.

బహుమతిని ఆపే హక్కు ఏ సంస్థకైనా ఉంటుంది. తగినవాడు లేనప్పుడు ఆపడం నిజాయితీ. తగినవాడిని సంగీతం తెలిసినవారే చూపించాక ఆపడం అన్యాయం. ఆనాడు పడిపోయింది ఎలింగ్టన్ పేరు కాదు, పులిట్జర్ మాటకున్న విలువ. నూరేళ్ల పండుగకిచ్చిన గౌరవం ఆ తప్పును దిద్దదు. 1965 సంవత్సరానికి ఎదురుగా ఎలింగ్టన్ పేరు రాయాలి. ఆ పని పులిట్జర్ మండలి ఇవాళైనా చేయాలి.